కార్బోహైడ్రేట్ మెటబాలిజం బట్టీ పట్టినా పరీక్షలో రాయలేకపోతున్నా, ఎలా చదవాలి?

సిరి_ఎమ్మెస్సీ:

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్ ఫస్టియర్. ఇంటర్ దాకా తెలుగు మీడియమే, డిగ్రీలో ఇంగ్లిష్ మీడియానికి మారాను. అక్కడ బయోకెమిస్ట్రీ ఒక్క పేపరే ఉండేది, నోట్సు చదివి గట్టెక్కేశాను. ఇప్పుడు న్యూట్రిషనల్ బయోకెమిస్ట్రీలో కార్బోహైడ్రేట్ల యూనిట్ దగ్గరికొచ్చి పూర్తిగా ఆగిపోయాను.

పోయిన వారం ఇంటర్నల్‌లో ఒక ప్రశ్న ఇచ్చారు. రాత్రి తొమ్మిదింటికి భోంచేసిన మనిషి మర్నాడు పదకొండింటి దాకా ఏమీ తినలేదు, అయినా అతని రక్తంలో గ్లూకోజ్ ఎందుకు పడిపోలేదో వివరించండి, పది మార్కులు. నేను గ్లైకాలసిస్, అంటే కణం గ్లూకోజ్‌ని విరగ్గొట్టే దారి, దాని పది మెట్లూ ఎంజైముల పేర్లతో సహా ఒక్క తప్పు లేకుండా రాశాను, దాని కింద తర్వాతి దశ అయిన క్రెబ్స్ సైకిల్ బొమ్మ కూడా వేశాను. పదికి రెండు వచ్చాయి. పేపర్ మీద సర్ ఎర్ర పెన్నుతో "ఇది గ్లూకోజ్ ఖర్చయ్యే దారి. నేనడిగింది గ్లూకోజ్ ఎక్కణ్నుంచి వస్తోందని" అని రాశారు. ఆ వాక్యం చదివాక నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ పది మెట్ల కోసం నాలుగు రాత్రులు కూర్చున్నాను.

ఇంకోటి. మా నాయనమ్మకి పన్నెండేళ్లుగా షుగర్. నేను చదివేది తిండి గురించేనని ఆవిడకి తెలుసు. సంక్రాంతికి ఇంటికెళ్తే పక్కన కూర్చోబెట్టుకుని రెండు ప్రశ్నలు అడిగింది. అన్నం మానేసి చపాతీ తింటే షుగర్ రాదా అనేది ఒకటి. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున పరగడుపున చూపిస్తే 170 ఎందుకుంటోంది, నేను తినలేదు కదా, ఆ చక్కెర ఎక్కడిది అనేది రెండోది. నాకు ఒక్కదానికీ సమాధానం తెలియలేదు. మాస్టర్స్ చదువుతూ ఇంట్లోవాళ్లకి ఇంత కూడా చెప్పలేకపోతే ఈ చదువు దేనికని అప్పట్నుంచీ బాధగా ఉంది.

ఇంకా, ఒక గ్లూకోజ్ నుంచి వచ్చే ఏటీపీలు (కణంలో శక్తిని మోసే అణువులు) ఒక పుస్తకంలో 38, ఒకదాంట్లో 36, లైబ్రరీలో కొత్త పుస్తకంలో 32 అని ఉన్నాయి. ఏది రాయాలి? చదివే పద్ధతే మార్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి, ప్లీజ్. సెమిస్టర్ పరీక్షలకి ఇంకా ఆరు వారాలుంది.


రిటైర్డ్_బయోకెమ్:

అమ్మా సిరీ, ముందు బాధపడటం ఆపు. ఇరవై ఎనిమిదేళ్లు ఈ సబ్జెక్టే చెప్పాను, నీలా పది మెట్లూ రాసి రెండు మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. తప్పు నీ జ్ఞాపకశక్తిది కాదు. మేమే పాఠం చెప్పేటప్పుడు దారులన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా బోర్డు మీద వేసేస్తాం, అవన్నీ ఒకే శరీరంలో ఒకే సమయంలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయని చెప్పడానికి మాకు పీరియడ్ మిగలదు.

మీ సర్ అడిగిన ప్రశ్న చాలా మంచిది. అలాంటి ప్రశ్న వస్తే ఎంజైముల పేర్లు తలుచుకోకముందే రెండు సంగతులు కాగితం మీద రాసుకో. తిని ఎన్ని గంటలైంది? మనం ఏ అవయవంలో ఉన్నాం? ఈ రెండూ తేలితే ఏ దారి నడుస్తోందో తొంభై శాతం తేలిపోతుంది. అవి తేల్చకుండా గ్లైకాలసిస్ రాయడమంటే ఊరి పేరు అడక్కుండా బస్సెక్కడమే.

ముందు ఒక చిన్న లెక్క చెయ్యి, నేను క్లాసులో మొదటిరోజు ఇదే చేయించేవాణ్ని. మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు, అంటే 50 డెసిలీటర్లు. పరగడుపున గ్లూకోజ్ డెసిలీటరుకి 90 మిల్లీగ్రాములనుకో. గుణిస్తే 4500 మిల్లీగ్రాములు, నాలుగున్నర గ్రాములు, ఒక టీస్పూన్ పంచదార కంటే పెద్ద తేడా లేదు. మొత్తం రక్తంలో ఉన్నది అంతే. మరి మెదడు ఒక్కటే రోజుకి సుమారు 120 గ్రాములు వాడుకుంటుంది, గంటకి 5 గ్రాములు. అంటే ఎవరూ నింపకపోతే ఆ టీస్పూన్ మెదడుకి గంటకి కూడా చాలదు. ఎర్ర రక్తకణాలకి మైటోకాండ్రియానే లేదు కాబట్టి వాటికి గ్లూకోజ్ తప్ప వేరే దిక్కు లేదు. అయినా పద్నాలుగు గంటలు తినని మనిషి కళ్లు తిరిగి పడిపోకుండా ఆఫీసుకి వెళ్లి పని చేసుకుంటున్నాడంటే ఎవరో ఒకరు ప్రతి గంటా ఆ టీస్పూన్ నింపుతున్నారన్నమాట. ఆ నింపేది కాలేయం. నీ ప్రశ్నకి జవాబు అక్కడ మొదలవ్వాలి.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటి అన్నం ముద్ద వెంట నడువు. అన్నాన్ని మింగకుండా రెండు నిమిషాలు నములుతూ ఉండు, తియ్యబడుతుంది. లాలాజలంలోని అమైలేజ్ పిండిని కోసి మాల్టోజ్ చేస్తోంది, అందుకు. పొట్టలో ఆమ్లం తగలగానే ఆ పని ఆగుతుంది, చిన్నపేగులో క్లోమం నుంచి వచ్చే అమైలేజ్ మళ్లీ అందుకుంటుంది, చివరి కోత పేగు గోడ మీదున్న మాల్టేజ్, సుక్రేజ్, లాక్టేజ్‌లది. గ్లూకోజ్ ఒంటరిగా లోపలికి రాదు, ఎస్‌జీఎల్‌టీ-1 అనే ప్రొటీన్ దాన్ని సోడియంతో జతచేసి లాగుతుంది. విరేచనాలప్పుడు ఇచ్చే ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పుతోపాటు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఎందుకు పెట్టారో ఈ ఒక్క ప్రొటీన్ తెలిస్తే అర్థమైపోతుంది.

పేగు నుంచి వచ్చిన గ్లూకోజ్ పోర్టల్ సిర ద్వారా ముందు కాలేయానికే వెళ్తుంది. అక్కడ కాపలా గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించు. కండరంలో, మెదడులో ఉన్న హెక్సోకైనేజ్ గ్లూకోజ్ డెసిలీటరుకి రెండు మిల్లీగ్రాములున్నా సగం వేగంతో పనిచేస్తుంది, అంటే ఎప్పుడూ ఆకలిగానే ఉంటుంది. కాలేయంలోని గ్లూకోకైనేజ్ సగం వేగం అందుకోవాలంటే గ్లూకోజ్ 140 దాటాలి. భోజనం తర్వాత పోర్టల్ రక్తంలో అంత ఉంటుంది, పరగడుపున ఉండదు. కాబట్టి కాలేయం అందరూ తిన్నాక మిగిలింది దాచే ఇంటిపెద్దలాంటిది, తను ముందు తినదు. పుస్తకంలో కేఎం (ఎంజైమ్ సగం వేగం అందుకునే గాఢత) విలువల పట్టిక కింద ఉన్న అసలు సంగతి ఇది. దాచేది గ్లైకోజెన్‌గా, అంటే గ్లూకోజ్‌లని గొలుసులుగా అల్లి, కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో కలిపి సుమారు 400. అది నిండాక ఇంకా మిగిలితే కొవ్వు.

రాత్రి రెండింటికి సీన్ మారిపోతుంది. ఇన్సులిన్ తగ్గింది, దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోన్ పెరిగింది. గ్లూకగాన్ చేసే పనిని ఒక్క ముక్కలో పట్టుకో: ఎంజైములకి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఇన్సులిన్ ఆ ఫాస్ఫేట్ తీయిస్తుంది. ఫాస్ఫేట్ తగిలితే గ్లైకోజెన్ కోసే ఎంజైమ్ లేస్తుంది, అల్లే ఎంజైమ్ పడుకుంటుంది. కాలేయంలో గ్లైకాలసిస్‌ని ముందుకు తోసే ఫ్రక్టోజ్ 2,6-బిస్‌ఫాస్ఫేట్ అనే అణువు పడిపోతుంది, దాంతో గ్లైకాలసిస్ ఆగి వెనక్కి తిరుగుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే నియంత్రణ మీద వచ్చే ప్రశ్నల్లో సగం నువ్వే కట్టుకోవచ్చు.

పొద్దున పదకొండయ్యేసరికి గ్లైకోజెన్ బాగా తగ్గి ఉంటుంది. అప్పటికే కాలేయం కొత్త గ్లూకోజ్ తయారీ, అంటే గ్లూకోనియోజెనిసిస్, జోరుగా చేస్తూ ఉంటుంది. రాత్రంతా పస్తున్నాక కాలేయం విడుదల చేసే గ్లూకోజ్‌లో పాత నిల్వ కరిగి వచ్చేది, కొత్తగా తయారయ్యేది రమారమి సగం సగం ఉంటాయి. ముడిసరుకు ఎర్ర కణాలూ కండరాలూ వదిలిన లాక్టేట్, కండరం నుంచి వచ్చే అలనిన్ అనే అమైనో ఆమ్లం, కొవ్వు కరిగితే వచ్చే గ్లిసరాల్. గ్లైకాలసిస్ పది మెట్లలో ఏడు రెండువైపులా నడుస్తాయి, మూడు మాత్రం ఒకవైపే. ఆ మూడు చోట్లా కాలేయం పక్కదారి పడుతుంది. నువ్వు నాలుగు రాత్రులు కష్టపడి నేర్చుకున్న మెట్లు వృథా కాలేదమ్మా, ఆ మూడు చోట్ల బాణం తిప్పడం నేర్చుకుంటే అదే బొమ్మ నీ పది మార్కుల జవాబవుతుంది.


వంశీ_నెట్‌ప్రిపరేషన్:

సిరి గారూ, ఏటీపీ లెక్క నేను చెప్తాను, నాకూ ఇదే టెన్షన్ ఉండేది. పుస్తకాల్లో తప్పు లేదు, కొలమానం మారింది. ఎన్‌ఏడీహెచ్, ఎఫ్‌ఏడీహెచ్‌2 అనేవి ఎలక్ట్రాన్లు మోసే అణువులు, వాటినుంచే ఎక్కువ ఏటీపీలు వస్తాయి. పాత లెక్కలో ఒక ఎన్‌ఏడీహెచ్‌కి 3, ఒక ఎఫ్‌ఏడీహెచ్‌2కి 2 ఏటీపీలు. మొత్తం పది ఎన్‌ఏడీహెచ్‌లకి 30, రెండు ఎఫ్‌ఏడీహెచ్‌2లకి 4, నేరుగా వచ్చేవి 4, కలిపితే 38. తర్వాత కొలతలు మెరుగయ్యాక 3 బదులు 2.5, 2 బదులు 1.5 వాడుతున్నారు, 25, 3, 4 కలిపితే 32. ఇక 36, 30 ఎందుకొస్తాయంటే, గ్లైకాలసిస్ సైటోసాల్‌లో జరుగుతుంది కాబట్టి అక్కడ పుట్టిన రెండు ఎన్‌ఏడీహెచ్‌లు మైటోకాండ్రియాలోకి నేరుగా వెళ్లలేవు. మాలేట్ షటిల్ అనే రవాణా దారి ఎక్కితే నష్టం లేదు, గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్ ఎక్కితే ఒక్కోదానికి కొంత పోతుంది, అందుకే పాత లెక్కలో 36, కొత్త లెక్కలో 30. పరీక్షలో ఏ లెక్క వాడుతున్నారో ఒక వాక్యం రాసి ఆ తర్వాత అంకె వేయండి, ఏది వేసినా మార్కులు పోవు.

సర్ చెప్పిందాంతో నాకు ఒక చిన్న అభిప్రాయభేదం ఉంది. కథలా అర్థం చేసుకోవడం అవసరమే, కాదనను. కానీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) లాంటి పరీక్షల్లో ఏ మెట్టులో ఏ ఎంజైమ్, దానికి తోడుగా పనిచేసే కోఎంజైమ్ ఏది, ఏది ఆపుతుంది అని సూటిగా అడుగుతారు, అక్కడ కథ ఒక్కటీ సరిపోదు. నేను రెండు నెలలు కాన్సెప్ట్ చాలనుకుని రాయడం మానేశాను, మాక్ టెస్టులో ఆల్డొలేజ్‌కీ ఎనొలేజ్‌కీ తేడా తడబడ్డాను. ఇప్పుడు రోజూ రాత్రి ఒక తెల్లకాగితం మీద పుస్తకం చూడకుండా దారి మొత్తం గీస్తాను, పేర్లే కాదు, ఎన్ని కార్బన్లున్నాయో కూడా పక్కన వేస్తాను. ఆరు, ఆరు, ఆరు, తర్వాత రెండు మూళ్లు. కార్బన్లు లెక్కపెట్టడం అలవాటైతే ఎక్కడ కార్బన్ డయాక్సైడ్ పోతుందో దానంతటదే గుర్తుంటుంది. రాసిన చేతికే గుర్తుంటుందని మా అమ్మ అంటూ ఉంటుంది, ఈ సబ్జెక్టులో అది నూటికి నూరుపాళ్లు నిజం.


గ్రేక్యాప్_ల్యాబ్:

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, పదకొండేళ్ల నుంచి. పుస్తకాల సంగతి పై వాళ్లు చెప్పారు, నేను చేత్తో చూసేది ఒకటి చెప్తాను, సిరి గారికి ఎనొలేజ్ జన్మలో మర్చిపోకుండా ఉంటుంది.

షుగర్ టెస్టుకి రక్తం తీస్తే మేము బూడిదరంగు మూత ఉన్న ట్యూబులో పోస్తాం. అడుగున తెల్లటి పొడిలా సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. రక్తం బయటికి తీసినా ఎర్ర కణాలు బతికే ఉంటాయి, వాటికి తెలిసిన పని ఒక్కటే, గ్లైకాలసిస్. మామూలు ట్యూబులో గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే గంటకి 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ అవే తినేస్తాయి. ఫ్లోరైడ్ ఎనొలేజ్‌ని ఆపుతుంది, గ్లైకాలసిస్‌లో తొమ్మిదో మెట్టు. కానీ సూక్ష్మం ఇక్కడే ఉంది, తొమ్మిదో మెట్టు మూసినంత మాత్రాన మొదటి మెట్టు వెంటనే ఆగదు, గేటు మూశాక కూడా వెనక ట్రాఫిక్ కొంతసేపు చేరుతూనే ఉన్నట్టు పై మెట్లు గంటా రెండు గంటలు గ్లూకోజ్‌ని లాగుతూనే ఉంటాయి. అందుకే ఫ్లోరైడ్ ఉంది కదా అని మేం తాత్సారం చేయం, వీలైనంత త్వరగా ప్లాస్మా వేరు చేస్తాం.

నేను కొత్తలో పనిచేసిన చోట ఊళ్ల నుంచి వచ్చే శాంపిళ్లు ఎర్ర మూత ట్యూబుల్లో ఎండలో మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చేవి. ఒక పెద్దాయన ఫాస్టింగ్ షుగర్ నెలనెలా మామూలుగా వచ్చేది, ఆయన సంతోషంగా వెళ్లిపోయేవాడు. ఒకసారి ఆయనే స్వయంగా ల్యాబ్‌కి వస్తే అప్పటికప్పుడు తీసి చేశాం, చాలా ఎక్కువ వచ్చింది. మూడు నెలల షుగర్ అంటామే, ఆ హెచ్‌బీఏ1సీ చేస్తే అదీ ఎక్కువే. ఇన్నాళ్లూ ఆయన చక్కెరని ట్యూబులోని కణాలు తినేసి మాకు అబద్ధం చెప్పాయి. ఆ రోజు నుంచి గ్లైకాలసిస్ అంటే నాకు పుస్తకంలో బొమ్మ కాదు, ఆ పెద్దాయన మొహం.

ఇంకొక మాట. మీ సిలబస్‌లో ఏటీపీ అని వచ్చిన ప్రతిసారీ మన భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోండి. ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని మా డిప్లొమాలో ప్రాక్టికల్‌గా చేశాం, నీలం రంగు వస్తుంది. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే వాళ్లు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని పట్టుకోగలిగారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా ఏటీపీని వేరుచేశాడు.


వార్డు_డైటీషియన్:

సిరి చెల్లీ, నాయనమ్మ గారి ప్రశ్నలు ఎవరూ ముట్టుకోలేదు, నేను చెప్తాను.

రెండోది ముందు. రాత్రి తినకపోయినా పొద్దున 170 ఎందుకు? నీ ఇంటర్నల్ ప్రశ్న, నాయనమ్మ ప్రశ్న ఒకటేనమ్మా, గమనించావా? పరగడుపున రక్తంలో ఉన్న గ్లూకోజ్ రాత్రి తిన్న తిండిది కాదు, కాలేయం వండింది. మామూలు మనిషిలో ఇన్సులిన్ కొంచెం ఉన్నా కాలేయానికి "ఇక చాలు" అని వినబడుతుంది. టైప్ 2 డయాబెటిస్‌లో ఆ మాట కాలేయానికి సరిగ్గా వినబడదు, అది పొద్దుటిదాకా గ్లూకోజ్ చేసి పంపుతూనే ఉంటుంది. చాలామంది షుగర్ పేషెంట్లు వేసుకునే మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా చేసే పని కాలేయంలో ఈ వంటని తగ్గించడమే. కాబట్టి రాత్రి పస్తు పడుకుంటే పొద్దున అంకె దిగుతుందనుకోవద్దని ఆవిడకి చెప్పు. పైగా షుగర్ మాత్రలు వేసుకుంటూ అన్నం మానేస్తే కొన్ని మాత్రలతో షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి పస్తులు మాత్రం వద్దు, 170 గురించి డాక్టర్‌కి చూపించి మందు సరిచేయించుకోమను.

ఇక చపాతీ. గోధుమపిండిలోనూ ఉన్నది పిండిపదార్థమే, విడిపోతే వచ్చేది అదే గ్లూకోజ్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో చూస్తే 100 గ్రాముల తెల్లబియ్యంలో కార్బోహైడ్రేట్ సుమారు 78 గ్రాములు, అదే గోధుమపిండిలో సుమారు 64, పీచు మాత్రం బియ్యంలో మూడులోపు, గోధుమపిండిలో పదకొండు పైన. తేడా ఉంది కానీ మనవాళ్లు అనుకున్నంత లేదు. అసలు తేడా ఎక్కడొస్తుందంటే చపాతీలు లెక్కపెట్టుకుని తింటాం, అన్నం ఎవరూ లెక్కపెట్టరు. పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి వడ్డించుకుంటాం, మూడుసార్లూ అన్నమే. నేను వార్డులో అన్నం మానేయమని ఎవరికీ చెప్పను. ఒక చిన్న గిన్నె చూపించి, ఇదే మీ కొలత, రోజూ ఇదే గిన్నె వాడండి, కూర అన్నం కంటే ఎక్కువ ఉండాలి, ముందు కూరా పప్పూ కొంత తిన్నాకే అన్నం కలపండి అంటాను. తిన్నాక పావుగంట నడవమంటాను. ఎందుకో నీకు తెలియాలి, కండరం కదిలితే జీఎల్‌యూటీ-4 అనే తలుపు ఇన్సులిన్ లేకుండానే కణం అంచుకి వస్తుంది, ఇన్సులిన్ మాట వినని మనిషికి అది ఎంత మేలో చూడు.

చద్దన్నం గురించి కూడా అడుగుతారు. అన్నం చల్లారితే పిండిలో కొంత భాగం మళ్లీ గట్టిగా అల్లుకుని అమైలేజ్‌కి లొంగదు, అది పెద్దపేగుకి వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకి తిండవుతుంది. నిజమే, మంచిదే, కానీ ఆ భాగం కొంచెమే, చద్దన్నం కదా అని రెండింతలు తింటే లాభం లేదు.

నీ సిలబస్‌లోంచి ఇంకొకటి, ఇది మాత్రం గుండెకి హత్తుకోవాలి. గ్లైకాలసిస్ చివర మిగిలే పైరువేట్, క్రెబ్స్ సైకిల్‌లోకి వెళ్లే ఎసిటైల్ కోఏగా మారే మెట్టులో ఐదు కోఎంజైములు రాస్తారు కదా, అందులో మొదటిది థయమిన్ నుంచి వచ్చేది. మన సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఎక్కువగా ఉండేది, మరపట్టిన పచ్చిబియ్యం తిని. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అంత లేదు, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులోని థయమిన్ గింజలోకి దిగుతుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న ఆ సంస్థే 1918లో కూనూర్‌లో ఒక గదిలో బెరిబెరి విచారణ కోసం మొదలైంది. ఇదంతా పాత చరిత్ర అనుకోకు. బాగా తాగి, తిండి మానేసి వార్డుకి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి గ్లూకోజ్ సెలైన్ పెట్టేటప్పుడు ముందో, దాంతోపాటో థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇవ్వకుండా గ్లూకోజ్ పోస్తే ఉన్న కాస్త థయమిన్ ఆ మెట్టు దగ్గర ఖర్చైపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు తేలిపోయి, నడక తూలుతూ, అడిగిందానికి సంబంధం లేకుండా మాట్లాడుతున్న ఒకతన్ని నేను చూశాను. ఇంజెక్షన్ ఇచ్చిన మర్నాడు అతని కళ్లు కుదురుగా నిలిచాయి. అంతకుముందు ఆ ఐదు పేర్లూ నాకు రెండు మార్కుల ప్రశ్న.


సిరి_ఎమ్మెస్సీ:

ఏం చెప్పాలో తెలియట్లేదు, అందరికీ చాలా చాలా థ్యాంక్స్. డైటీషియన్ అక్కా, రెండు ప్రశ్నలూ ఒకటేనని మీరు చెప్పేదాకా నాకు తట్టనే లేదు, నిన్న రాత్రే నాయనమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "అంటే నా లోపలే ఒక వంటింటి పొయ్యి ఆరకుండా మండుతోందన్నమాట" అంది. డాక్టర్ దగ్గరికి శనివారం తీసుకెళ్తున్నాడు నాన్న.

లెక్చరర్ సర్, ఒక డౌటు. ఒంట్లో కిలోలకొద్దీ కొవ్వు ఉంది కదా, కాలేయం ఆ కొవ్వునే గ్లూకోజ్ చేసుకోవచ్చు కదా, కండరం నుంచి అలనిన్ తెచ్చుకోవడం ఎందుకు?


రిటైర్డ్_బయోకెమ్:

చాలా మంచి డౌటు. డైటీషియన్ అమ్మాయి చెప్పిన ఆ థయమిన్ మెట్టు దగ్గరే దీని జవాబుంది. పైరువేట్ ఎసిటైల్ కోఏ అవుతుంది కానీ ఎసిటైల్ కోఏ మళ్లీ పైరువేట్ కాలేదు, ఆ తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. కొవ్వు ఆమ్లాలు విరిగితే వచ్చేది ఎసిటైల్ కోఏనే. అది క్రెబ్స్ సైకిల్‌లోకి రెండు కార్బన్లతో వెళ్తుంది, చుట్టు పూర్తయ్యేలోపు రెండు కార్బన్లు కార్బన్ డయాక్సైడ్‌గా పోతాయి, లెక్క సున్నా. వంశీ చెప్పినట్టు కార్బన్లు రాసుకుంటే ఇది నీకే కనబడుతుంది. అందుకే మామూలు కొవ్వు ఆమ్లాల నుంచి గ్లూకోజ్ రాదు, కొవ్వులో ఉన్న గ్లిసరాల్ ముక్క నుంచి మాత్రం వస్తుంది.

అయితే కొవ్వు ఊరికే కూర్చోదు. అది కాలిన శక్తితోనే కాలేయం గ్లూకోజ్ తయారు చేస్తుంది, ఎసిటైల్ కోఏ పెరిగితే ఆ తయారీలో మొదటి ఎంజైమైన పైరువేట్ కార్బాక్సిలేజ్ ఉత్సాహంగా లేస్తుంది. రోజులు గడిచేకొద్దీ మిగిలిన ఎసిటైల్ కోఏ కీటోన్లుగా మారి మెదడుకే తిండవుతుంది. 1967లో అమెరికాలో జార్జ్ కాహిల్ బృందం ఐదారు వారాలు ఉపవాసమున్నవాళ్లని పరీక్షిస్తే మెదడు అవసరంలో ఎక్కువ భాగాన్ని కీటోన్లే తీరుస్తున్నాయని తేలింది. అలా జరగకపోతే గ్లూకోజ్ కోసం కండరమంతా కరిగిపోయేది.

వంశీతో నేను ఏకీభవిస్తాను, రాయడం మానొద్దు. నేను చెప్పేది వరస గురించి మాత్రమే, ముందు గంట, అవయవం, తర్వాత మెట్లు. ఇప్పుడు నీ ఇంటర్నల్ ప్రశ్నకి ఎనిమిది వాక్యాల్లో జవాబు రాసి ఇక్కడ పెట్టు.


సిరి_ఎమ్మెస్సీ:

రాశాను సర్, పుస్తకం చూడలేదు.

తిని 14 గంటలైంది, కాబట్టి ఇన్సులిన్ తక్కువ, గ్లూకగాన్ ఎక్కువ. రక్తంలో మొత్తం గ్లూకోజ్ నాలుగున్నర గ్రాములే, మెదడు ఒక్కటే గంటకి 5 గ్రాములు వాడుతుంది, అందువల్ల బయటినుంచి నింపుతూ ఉండాలి. గ్లూకగాన్ వల్ల గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్‌కి ఫాస్ఫేట్ తగిలి అది పనిలోకి దిగుతుంది, కాలేయం, కండరాల్లోని గ్లైకోజెన్ గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కాలేయంలో ఫ్రక్టోజ్ 2,6-బిస్‌ఫాస్ఫేట్ తగ్గి గ్లైకాలసిస్ ఆగుతుంది, గ్లూకోనియోజెనిసిస్ నడుస్తుంది. దానికి లాక్టేట్, అలనిన్, గ్లిసరాల్ ముడిసరుకు. ఒకవైపే నడిచే మూడు మెట్లని పైరువేట్ కార్బాక్సిలేజ్, పెప్‌సీకే జంట, ఫ్రక్టోజ్ 1,6-బిస్‌ఫాస్ఫటేజ్, గ్లూకోజ్ 6-ఫాస్ఫటేజ్ దాటిస్తాయి. దీనికి కావలసిన శక్తి కొవ్వు ఆమ్లాలు కాలడం వల్ల వస్తుంది. కండరం కూడా కొవ్వునే వాడుకుంటూ గ్లూకోజ్‌ని మెదడుకి, ఎర్ర కణాలకి వదిలేస్తుంది.


రిటైర్డ్_బయోకెమ్:

పదికి ఎనిమిది వేస్తాను, మిగిలిన రెండూ మూడో వాక్యంలో పోయాయి. కండరంలో గ్లూకోజ్ 6-ఫాస్ఫటేజ్ లేదమ్మా. చివరి ఫాస్ఫేట్ ఊడదీసే కత్తెర లేకపోతే గ్లూకోజ్ కణం దాటి బయటికి రాలేదు, కాబట్టి కండరం తన 400 గ్రాముల నిల్వనీ తనే వాడుకోవాలి, పక్కవాడికి నేరుగా ఇవ్వలేదు. ఇచ్చేదేదైనా లాక్టేట్‌గానో అలనిన్‌గానో కాలేయానికి పంపాలి, అక్కడ అది గ్లూకోజ్ అయి తిరిగొస్తుంది. లాక్టేట్ తిరిగే ఆ చుట్టుకే కోరి సైకిల్ అని పేరు. గెర్టీ, కార్ల్ కోరి దంపతులు గ్లైకోజెన్ మీద చేసిన కృషికి 1947లో నోబెల్ అందుకున్నారు. వైద్యంలో ఆ బహుమతి పొందిన మొదటి మహిళ గెర్టీనే.

ఇప్పుడు అదే మనిషి, అదే పదకొండు గంటలకి, ఏమీ తినకుండానే బస్సు కోసం రెండు నిమిషాలు గట్టిగా పరిగెత్తాడనుకో. కండరంలో ఏమవుతుంది, కాలేయంలో ఏమవుతుంది, ఎడ్రినలిన్ ఎక్కడెక్కడ తగులుతుంది? రాసి పెట్టు, రాత్రికి చూస్తాను.